ఏ పిస్తోలు మంచిది?

"నువ్వు నాలుగు పుస్తకాలు చదివినోడివి గదా, చెప్పు. నడుము కాడ కనపడకుండా పెట్టుకొనేదానికి ఏ పిస్తోలు మంచిది?"

మదనపల్లెలో టమోటా మండీ నడిపే మా బావ, పోయిన నెల పుంగనూరులో మా ఇంటి వసారాలో కూర్చొని అడిగిన ప్రశ్న ఇది. నేను కుప్పంలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. నాకు తెలిసిన ఆయుధాలన్నీ భారతంలోవి. గాండీవం గురించి అడిగితే ఒక గంట నిలబడి చెప్పగలను గానీ పిస్తోలు మాట నన్నడిగితే ఏం చెప్పేది? నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. బావ నవ్వలేదు. వంటింటి గడపలో నిలబడిన అక్క కూడా నవ్వలేదు. అందుకే మూడు వారాలపాటు పాఠాలు పక్కనబెట్టి ఈ విషయమే చదివాను. చదివినకొద్దీ నాకు కోపమే పెరిగింది. ఆ కోపాన్ని మిత్రులతో పంచుకొందామనే ఈ టపా.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. బావది ఉత్త బడాయి కాదు, ఆయన భయానికి కారణముంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా 200 రూపాయల దాకా పోయిన సంగతి మీరందరూ పత్రికల్లో చదివే ఉంటారు. అంతకు ముందూ ఆ తరువాతా ఎన్నోసార్లు కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన పంటే అది. ఆ ఒక్క నెలలో బంగారమయింది. ఆ నెలలోనే మదనపల్లె మండలంలో ఒక రైతును రాత్రిపూట దారి కాచి, కాళ్ళూ చేతులూ కట్టి చంపారు. మరికొన్ని రోజులకే పెద్దతిప్పసముద్రం వైపు, తోటకు కావలిగా పడుకొన్న మరో రైతును గొంతు నులిమి చంపారు. టమోటా డబ్బు కోసమేనన్న అనుమానం జిల్లా అంతటా పాకింది. అప్పటినుంచీ మండీల్లో చీకటి పడ్డాక డబ్బు సంచి పట్టుకొని బయలుదేరే ప్రతి మనిషీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. భయం గురించి జీవితమంతా మాట్లాడిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు అదే. అయినా ఆ ఊరికి భయం తప్పలేదు.

సరే, విషయానికొస్తే, బావ ప్రశ్న వెనుక మా పిన్ని కొడుకున్నాడు. టెక్సాసులో ఉంటాడు. వాడు అక్కడినుంచి బొమ్మలు పంపుతాడు. 'గ్లాక్ 19 చూడు బావా, సిగ్ పి365 చూడు, అరచేతిలో ఇమిడిపోతుంది' అంటాడు. రెండూ తొమ్మిది మిల్లీమీటర్ల తూటా కాల్చేవి. మన దేశంలో ఆ కొలత సైన్యానికీ పోలీసులకూ కేటాయించినది. చట్టం భాషలో నిషిద్ధ బోరు. సామాన్య పౌరునికి దాని లైసెన్సు దొరకదు. అమెరికాలో వాడు అంగడికి పోయి, ఒక కాగితం నింపి, అదే రోజు కొనుక్కొని వచ్చే వస్తువును మదనపల్లెలో మండీ యజమాని కలగనడం ఎంతవరకు సబబు? ఆ బొమ్మలు చూపించి ఆశపెట్టడం ఒక రకంగా హింస.

మన చట్టం ప్రకారం బావకు దొరికేవి ప్రధానంగా .32 కొలతవి. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం తయారు చేసే రివాల్వర్లు, 'అశని' అనే పిస్తోలు, ఈ మధ్య వచ్చిన కొన్ని ప్రైవేటు కంపెనీలవి. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత 2014లో ఆ కర్మాగారం 'నిర్భీక్' అనే చిన్న రివాల్వరును స్త్రీల కోసమని విడుదల చేసింది. బరువు అర కిలో, అప్పటి వెల లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు! ఆ పేరు పెట్టినవారిని ఏమనాలో నాకు తెలియడం లేదు. బస్సులో ఆ అమ్మాయికి జరిగిన దానికి రాజ్యం చెప్పిన జవాబు లక్ష రూపాయల ఇనుప ముక్కా? అంత డబ్బు పెట్టగలిగిన స్త్రీ రాత్రిపూట బస్సు కోసం రోడ్డుమీద ఎందుకు నిలబడుతుంది?

2023 ఆగస్టులో, అంటే మన టమోటా హత్యలు జరిగిన మరుసటి నెలలోనే, కాన్పూరు నుంచే 'ప్రబల్' వచ్చింది. యాభై మీటర్ల దూరం కాల్చగలదని గొప్పగా చెప్పారు. బావ కూడా ఆ సంఖ్యనే పట్టుకొన్నాడు. యాభై మీటర్లు! కొంచెం ఆలోచించండి. మన ఇళ్ళల్లో వీధి గడప నుంచి పెరటి బావిదాకా కొలిచినా ఇరవై మీటర్లు ఉండదు. యాభై మీటర్ల దూరంలో ఉన్నవాడు మన మీద పడుతున్నవాడు కాదు, ఎక్కువ భాగం పారిపోతున్నవాడు. పారిపోతున్నవాణ్ణి వెన్నులో కాల్చి ఆత్మరక్షణ అని న్యాయస్థానాన్ని నమ్మించడం ఎంత కష్టమో ఏ వకీలునైనా అడగండి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఈ హక్కు గురించినవే. అవసరానికి మించిన హాని చేయరాదన్న షరతు పాత శిక్షాస్మృతిలో ఉన్నట్టే ఇందులోనూ ఉంది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి విషయంలో ప్రాణం తీసేదాకా పోయే హక్కు చట్టమే ఇచ్చింది, కాదనను. కానీ అవసరమెంత, మించినదెంత అన్నది తేల్చేది ఆ చీకటిలో బావ కాదు, కొన్నేళ్ళ తరువాత వెలుతురులో కూర్చొన్న న్యాయమూర్తి.

ఇక చిన్న పిస్తోలు సంగతి. ఎంత చిన్నదైతే అంత మంచిదని మనవాళ్ళ నమ్మకం. దాచుకోవడానికి మంచిదే, కాల్చడానికి కాదు. గొట్టం పొట్టిదైతే గురి చూసే రెండు కొసల మధ్య దూరం తగ్గుతుంది, చేయి వెంట్రుకవాసి కదిలినా గుండు ఎటో పోతుంది. తేలికదైతే కాల్చినప్పుడు చేతిలో ఎగిరిపడుతుంది. రివాల్వరైతే ట్రిగ్గరు బరువుగా లాగాలి, ఆ లాగుడులోనే గురి తప్పుతుంది. పిస్తోలైతే తూటా గొట్టంలో ఉందా, మ్యాగజీనులోనే ఉందా, మీట తీశామా లేదా అని కంగారులో గుర్తుంచుకోవాలి. పొట్టి పిస్తోలు బాగా చేతనైనవాడి వస్తువు, కొత్తవాడిది కాదు. నేర్చుకోవాలంటే వందల తూటాలు కాల్చాలి. మన లైసెన్సులోనో, ఒకేసారి ఎన్ని తూటాలుంచుకోవాలో, ఏడాదికెన్ని కొనాలో రాసిపెట్టి ఉంటుంది. సాధన ఎక్కడ చేస్తాడు బావ? టమోటా తోటలో కాలిస్తే మరుసటి రోజే పోలీసులు వస్తారు.

1983లో అమెరికాలో డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు ఒక లెక్క వేశాడు. కత్తి పట్టుకొన్నవాడు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటి మీద పడగలడు. శిక్షణ పొందిన పోలీసు, నడుముకు బయట కనపడేలా ఉన్న ఒరలోంచి తుపాకి తీసి కాల్చడానికి పట్టే కాలం కూడా దాదాపు అంతే. మా బావకు యాభై ఎనిమిదేళ్ళు. తెల్ల చొక్కా, పంచె, నడుముకు జేబుల బెల్టు, భుజాన కండువా. చొక్కా ఎత్తి, కండువా తప్పించి, ఒర గుండీ విప్పి, పిస్తోలు తీసేలోపల ఆ దొంగ పని ముగించి పిస్తోలు కూడా తీసుకొని పోతాడు. తోటలో నిద్రపోతూ చనిపోయిన ఆ రైతు తలగడ కింద పిస్తోలు ఉండి ఉంటే ఏమయ్యేది? హంతకులకు ఇంకొక ఆయుధం దొరికేది. ఈ మాట అనడానికి నాకే నోరు రావడం లేదు, అయినా అనక తప్పదు.

(అన్నట్టు, అజ్ఞాతవాసానికి బయలుదేరిన పాండవులు ఆయుధాలను నడుములో దాచుకోలేదు. ఊరి బయట జమ్మిచెట్టు మీద కట్టి, శవమని నమ్మించి మరీ పోయారు. దాచిన ఆయుధం దాచుకొన్నవాణ్ణే పట్టిస్తుందని వాళ్ళకు తెలుసు. బావకు ఇది చెబితే, "వాళ్ళకు టమోటా మండీ లేదులే" అన్నాడు. జవాబు లేదు నాకు.)

లైసెన్సు తతంగం గురించి ఎక్కువ చెప్పను. కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు, పోలీసుల విచారణ, 2016 ఆయుధ నియమాల ప్రకారం శిక్షణ పత్రం, వైద్యుని పత్రం, ఇంట్లో భద్రంగా దాస్తానన్న హామీ. ఇవన్నీ ఉండవలసినవే. కానీ ఒక్క సంగతి మాత్రం మనవాళ్ళు తలచుకోరు. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు ఆయుధాలను పోలీసు ఠాణాలో అప్పగించమని ఆదేశాలు వస్తాయి. మన సీమలో మనిషికి మనిషి భయపడే కాలమేది? ఎన్నికల కాలమే. సరిగ్గా అప్పుడే బావ పిస్తోలు ఠాణా బీరువాలో నిద్రపోతుంది. అధికారులను తప్పుపట్టడం లేదు, వాళ్ళు చేసేది సరైన పనే. ఇన్ని తుపాకులు బయట తిరగడంవల్ల రక్షణ పెరగదు, ప్రమాదమే పెరుగుతుందని రాజ్యానికే తెలుసునన్నమాట. అయిదేళ్ళకొకసారి వాళ్ళు ఒప్పుకొనే ఆ నిజాన్ని మనం మిగతా రోజుల్లో ఎందుకు ఒప్పుకోము?

మా పెదనాన్నకు పుంగనూరులో లైసెన్సు తుపాకి ఉండేది. ఒంటిగొట్టం తుపాకి. నా చిన్నప్పుడు గోడకు వేలాడుతుండేది. ఒక రాత్రి పెరటి తలుపు చప్పుడైతే ఆయన దాన్ని తీసుకొని లేచాడు. చీకట్లో గోడ దూకుతున్న ఆకారం కనపడింది. తూటా పెట్టాడు, గురి చూశాడు. అంతలో ఆ ఆకారం దగ్గింది. ఆ దగ్గు విని పెద్దమ్మ కేక వేసింది. ఆయన పెద్దకొడుకు, ఇంట్లో చెప్పకుండా రెండో ఆట సినిమాకు పోయి వస్తున్నాడు. వానాకాలం కాబట్టి జలుబు చేసి ఉండింది. జలుబే కాచింది మా అన్న ప్రాణం. ఆ తరువాత పెదనాన్న ఆ తుపాకిని ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయి అప్పగించి వచ్చాడు. ఎందుకని అడిగితే బతికినన్నాళ్ళూ జవాబు చెప్పలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1986లోనే అమెరికాలో ఆర్థర్ కెల్లర్‌మన్, డొనాల్డ్ రే అనే వైద్యులు ఒక లెక్క ప్రచురించారు. ఇంట్లో ఉన్న తుపాకితో ఆత్మరక్షణలో ఒకడు చచ్చేసరికి, అదే రకం తుపాకులతో ఆత్మహత్యలు, ఇంటి కలహాల హత్యలు, ప్రమాదాలు కలిపి 43 మంది పోయారు. ఆ లెక్కను తప్పుపట్టినవాళ్ళున్నారు. అటు తరువాత ఎన్నో లెక్కలు వచ్చాయి, దిశ మాత్రం మారలేదు. 2022లో కాలిఫోర్నియాలో లక్షలమందిని గమనించిన అధ్యయనంలో, చేతితుపాకి ఉన్నవాడితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు హత్యకు గురయ్యే అవకాశం తుపాకి లేని ఇళ్ళవాళ్ళకన్నా రెండింతలకు పైగా ఉందని తేలింది. అలా పోయినవాళ్ళలో జీవిత భాగస్వామి చేతిలో పోయినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. టెక్సాసు తమ్ముడు ఈ కాగితాలు బావకు పంపలేదు. 2024 నవంబరులో అట్లాంటాలో, హైదరాబాదు నుంచి చదువుకోవడానికి వెళ్ళిన ఒక కుర్రవాడు తన పుట్టినరోజు నాడే తుపాకి శుభ్రం చేస్తూ అది పేలి చనిపోయిన వార్త కూడా పంపలేదు.

నేను బావకు నేరుగా చెప్పలేకపోయిన మాట ఒకటుంది. ఆయన కొడుక్కు పందొమ్మిదేళ్ళు. డాక్టరు చదువు పరీక్ష రెండోసారి రాస్తున్నాడు. తిరుపతి హాస్టలు నుంచి పండగకు వచ్చి, నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "మామా, నాయన పిస్తోలు కొంటాడంట గదా, ఎప్పుడు?" పిల్లవాడు మంచివాడు. నవ్వుతూనే అడిగాడు. కానీ 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. వాళ్ళూ మంచి పిల్లలే. ఆ చెడ్డ ఘడియ చాలామందికి వస్తుంది, దాటిపోతుంది. దాటాక బతుకుతారు, నవ్వుతారు, పెళ్ళిళ్ళు చేసుకొంటారు. ఆ ఘడియ దాటేదాకా చేతికి అందేచోట అలాంటి వస్తువు ఉండకూడదు, అంతే. ఫలితాలు ఎలా వచ్చినా వాడితో కూర్చొని మాట్లాడేవాళ్ళు ఇంట్లో ఉండాలి. బావ బీరువా తాళంచెవి దేవుని పటం వెనుక ఉంటుందని ఆ ఇంట్లో పనిమనిషికి కూడా తెలుసు.

లైసెన్సున్నవాడు బాధ్యత కలవాడనే వాదం ఒకటి. 2020 డిసెంబరులో ఆదిలాబాదులో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవలో ఒక స్థానిక నాయకుడు కాల్చింది లైసెన్సు ఆయుధంతోనే. ఒక మనిషి పోయాడు, ఆయనకు యావజ్జీవం పడింది. 2023 మార్చిలో పులివెందులలో డబ్బు తగాదాలో కాల్పులు జరిగి ఒకరు చనిపోయిందీ లైసెన్సు తుపాకితోనే. దొంగలెక్కడ వీటిలో? కోపం, దాని పక్కన తుపాకి, అంతే ఉన్నది. మా బావకు కోపమొస్తే పట్టీ పుస్తకం విసిరికొడతాడు. ఈ రోజుకు అది పుస్తకమే కాబట్టి గుమాస్తా దాన్ని ఏరుకొచ్చి మళ్ళీ బల్లమీద పెడతాడు.

ఇక మన పెద్దలను చూడండి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో మందుపాతరలు పేలినప్పుడు కుప్పం శాసనసభ్యుడూ అప్పటి ముఖ్యమంత్రీ అయిన చంద్రబాబు నాయుడు చుట్టూ ఎన్ని తుపాకులున్నాయో లెక్కలేదు. ఆయన ప్రాణం కాచింది తుపాకి కాదు, గుండ్లు తట్టుకొనే కారు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయంలోనే పరిటాల రవిని చంపినప్పుడు గన్‌మెన్లున్నారు. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక కార్యాలయంలో, పట్టపగలు, బురఖాలు వేసుకొని వచ్చినవాళ్ళు మేయరు కఠారి అనురాధను ఆమె గదిలోనే కాల్చారు, భర్త మోహన్‌ను నరికారు. ఆ కేసులో అయిదుగురికి మరణశిక్ష పడేసరికి 2025 అక్టోబరు వచ్చింది. సిద్ధమై వచ్చినవాడిదే ఎప్పుడూ మొదటి దెబ్బ. నడుములోని పిస్తోలు రెండో దెబ్బకు మాత్రమే పనికొస్తుంది, ఆ రెండోది కొట్టడానికి మనం మిగిలితే.

మండీలో బావ స్నేహితుడొకాయన చదువుకొన్నవాడు. "తెల్లవాడు 1878లో చట్టం చేసి మన చేతుల్లో ఆయుధాలు ఊడలాగాడు, అప్పటినుంచీ పిరికివాళ్ళమయినాము" అన్నాడు. నిజమే, లిట్టన్ చట్టం అవమానకరమైనదే. మన సీమలో అంతకు ముందే, 1800 నుంచి 1807 దాకా, మన్రో దొర పాలెగాళ్ళ బలగాలను చెదరగొట్టాడు. ఆయుధం ధరించే హక్కును 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం కోరిందీ నిజమే. కానీ ఆయన అక్కడే ఆగిపోయాడు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్. వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చమని అడిగితే అంబేద్కర్ ఒప్పుకోలేదు, సభ తోసిపుచ్చింది. తెల్లవాడు పోయిన తరువాత, మనవాళ్ళే కూర్చొని ఆలోచించి వద్దనుకొన్న సంగతి అది. పాలెగాళ్ళ కాలం మీద అంత మోజున్నవారు ఒక్కసారి రైతు వైపునుంచి ఆ కాలాన్ని తలచుకోవాలి. ఆయుధాలు పాలెగాడివి, పంట రైతుది, చివరికి పంట కూడా పాలెగాడిదే.

ఇప్పుడైనా అంతే. నాకు అసలు కోపం ఇక్కడే. చచ్చిపోయిన ఆ ఇద్దరూ రైతులు. దారిలో పోతూ ఒకరు, తోట కావలిలో ఒకరు. పిస్తోలు అడుగుతున్నది మండీ యజమాని. రైతుకు లక్ష రూపాయల రివాల్వరూ రాదు, కలెక్టరు కార్యాలయంలో కుర్చీ కూడా వేయరు. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో రైతు చేతికి వచ్చేది నాటు తుపాకి. అడవిపందులు వేరుశనగ తవ్వేస్తే, కౌండిన్య అడవినుంచి దిగిన ఏనుగులు రాత్రికి రాత్రి అరటితోట తొక్కేస్తే, వాడు చేసేది ఇంకేముంది? అది పేలి చేతివేళ్ళు పోగొట్టుకొన్న తండ్రి ఉన్న పిల్లవాడు నా తరగతిలోనే కూర్చున్నాడు. ఆ తుపాకి దొరికితే కేసు, జైలు. బావ పిస్తోలుకైతే తోలు ఒర, లైసెన్సు పుస్తకం, మండీలో గౌరవం. ఆ గౌరవం కోసమే సగం మంది కొంటారని నా అనుమానం. బావ ఒప్పుకోడు.

బావతో నేనన్నది ఇది. రైతుకు పట్టీ డబ్బు చేతికివ్వొద్దు, బ్యాంకు ఖాతాలో వెయ్యి. నగదు సంచి అనేదే లేకపోతే దారి కాచేవాడు దేనికోసం కాస్తాడు? చీకటి పడ్డాక ఒంటరిగా బయలుదేరవద్దు, మండీలవాళ్ళు నలుగురూ కలిసి ఒకే బండిలో రండి. ఇంటి పెరట్లో దీపం పెట్టు, తలుపుకు లోపల అడ్డగడియ వెయ్యి, ఒక కుక్కను పెంచు. తోటల మధ్య రాత్రి గస్తీ తిప్పమని మండీ యజమానులంతా సంతకాలు పెట్టి పోలీసు అధికారిని కలవండి, మీ మాటకు ఉన్న బరువు రైతు మాటకు లేదు. ఆ లక్షా ఇరవై వేలు కోతకాలంలో కావలివాళ్ళకు జీతంగా ఇస్తే ఎన్ని తోటలకు ఇద్దరేసి మనుషులు వస్తారో లెక్క వెయ్యి. లెక్కల్లో నువ్వు నాకంటే గట్టివాడివి.

బావ అంతా విన్నాడు. "ఇవన్నీ బాగానే ఉండాయి. నేను అడిగింది ఏ పిస్తోలు మంచిదని" అన్నాడు.

వాళ్ళు బయలుదేరేటప్పుడు అక్క వెనకబడి, చెప్పులు వేసుకొనే నెపంతో నా పక్కన వంగింది. "అబ్బోడా, దరఖాస్తు తెచ్చేసినాడు. అద్దాల బీరువాలో చీరల కింద పెట్టినాడు. నువ్వు చెప్తే వింటాడు, ఇంగొక్కసారి చెప్పు" అంది. వచ్చే ఆదివారం మదనపల్లెకు పోతున్నాను.